మా ఊరి చారిటీలో డబ్బు మిగిలిపోతోంది – యూకేలో మనవాళ్లు ఎందుకు అడగరు?

మూర్తి_సఫోక్

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేనుండేది సఫోక్‌లో ఒక చిన్న టౌన్. ఇక్కడ 17వ శతాబ్దం నాటి చారిటీ ఒకటి ఉంది. అప్పటి రైతు ఒకాయన తన పొలంలో కొంత ఈ పారిష్‌లోని (అంటే పాతకాలంలో ఒక చర్చి కింద గీసిన ఊరి పరిధిలోని) పేదల కోసం అని వీలునామా రాసి పోయాడు. ఆ పొలం మీద కౌలు, కొన్ని పెట్టుబడుల మీద డివిడెండ్లు కలిపి ఏటా కొన్ని వేల పౌండ్లు వస్తాయి. పోయినేడాది నన్ను ట్రస్టీగా తీసుకున్నారు. జీతం గీతం ఏమీ ఉండదు. మూడు నెలలకోసారి విలేజ్ హాల్లో మీటింగు, చల్లారిన టీ, రెండు బిస్కెట్లు.

దరఖాస్తుల్లో పేర్లు కొట్టేసి క్లర్కు చదివి వినిపిస్తుంది. ఫ్రిజ్ పాడైపోయి పాలపెట్టె కిటికీ బయట పెట్టుకుంటున్న ముసలాయన, కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఇల్లు దొరికినా కార్పెట్ లేక పసిపిల్లాడిని సిమెంటు నేల మీదే ఆడిస్తున్న తల్లి, ముందే డబ్బు వేసి వాడుకునే ప్రీపేమెంట్ మీటర్లో డబ్బుల్లేక హీటింగ్ ఆపేసుకున్న జంట. (ఇక్కడ చాలా చోట్ల కౌన్సిల్ ఇళ్లు కార్పెట్ కూడా లేకుండానే ఇస్తారు, కొత్తవాళ్లకు తెలియదు.) ఒక్కొక్కరికి రెండు మూడు వందల పౌండ్ల వ్యవహారం. ఇవ్వాలా వద్దా అన్న వాదన పెద్దగా ఉండదు. అసలు సమస్య దరఖాస్తులే రాకపోవడం. ప్రతి ఏడాదీ ఎంతో కొంత మిగిలిపోతోంది.

మా టౌన్ చుట్టూ వృద్ధులను చూసుకునే కేర్ హోముల్లో తెలుగువాళ్లు, మలయాళీలు చాలామంది పనిచేస్తున్నారు. వాళ్లలో ఇబ్బంది పడుతున్నవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. అయినా మనవాళ్ల నుంచి ఒక్క కాగితం రాలేదు. ఒకరిద్దర్ని కదిపితే, ‘అది చర్చి వాళ్లది కదండీ, మనకెందుకిస్తారు’ అన్నారు. పారిష్ అనే మాట ఉందని అలా అనుకుంటున్నారు గానీ దీనికి మతంతో పని లేదు. ఊరి సరిహద్దు లోపల ఉంటున్నారా, అవసరంలో ఉన్నారా, ఈ రెండే చూస్తాం.

మీ ఊళ్లలో ఎలా ఉంది? మనవాళ్లు ఎందుకు ముందుకు రావడం లేదు?

కోనసీమ_కుర్రాడు

మూర్తి గారూ, ఇలాంటివి ఉంటాయని ఇప్పుడే వింటున్నా. అసలు డౌటు ఏంటంటే, వీసా మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ అని, అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదని ఉంటుంది కదా. పొరపాటున ఇలాంటి డబ్బు తీసుకుంటే రేపు ఐఎల్‌ఆర్‌కి (ఇక్కడే స్థిరపడే అనుమతికి) అప్లై చేసినప్పుడు పట్టుకోరూ? ఆ టెన్షన్‌తోనే మా ఇంట్లో ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకు గుమ్మం కూడా తొక్కం.

శైలజ_సలహాకేంద్రం

తమ్ముడూ, అక్కడే అందరూ ఆగిపోతున్నారు. ముందే చెప్తున్నా, నేను ఇమిగ్రేషన్ అడ్వైజర్ని కాను. సలహా కేంద్రంలో వారానికోరోజు వాలంటీర్‌గా కూర్చుంటాను, అంతే. మీ కేసు గురించి అడగాలంటే రిజిస్టర్ అయిన అడ్వైజర్నే అడగండి.

కానీ పబ్లిక్ ఫండ్స్ అంటే ప్రభుత్వం దగ్గర ఒక లిస్టు ఉంది. యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, హౌసింగ్ బెనిఫిట్, పెన్షన్ క్రెడిట్, కౌన్సిల్ టాక్స్ తగ్గింపు, కౌన్సిల్ ఇల్లు, ఇలా పేరు పేరునా రాసి ఉంటుంది. లిస్టులో లేనిది పబ్లిక్ ఫండ్ కాదు. పిల్లల స్కూలు, ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) వైద్యం, మీ కంపెనీ ఇచ్చే సిక్ పే, మెటర్నిటీ పే అందులోకి రావు. చారిటీ తన సొంత డబ్బుతో ఇచ్చే గ్రాంటు కూడా రాదు. ఫుడ్ బ్యాంకూ అంతే.

జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట. కౌన్సిల్ తన స్థానిక సంక్షేమ నిధి నుంచి ఇచ్చే సాయం లిస్టులో ఉంది. ఒక్కోసారి కౌన్సిల్ డబ్బునే చారిటీల చేత పంచిపెట్టిస్తారు. 2021 అక్టోబర్‌లో మొదలైన హౌస్‌హోల్డ్ సపోర్ట్ ఫండ్ చాలా ఊళ్లలో అలాగే పంచారు. కాబట్టి సంతకం పెట్టే ముందు ‘ఈ డబ్బు మీ చారిటీదేనా, కౌన్సిల్‌దా?’ అని అడిగేయండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. కౌన్సిల్‌ది అంటే ముందు అడ్వైజర్‌తో మాట్లాడి అప్పుడు తీసుకోండి.

బర్మింగ్‌హామ్_బాబాయ్

నేను ఇంకోలా అంటాను, ఎవరూ నొచ్చుకోవద్దు. పాతిక లక్షలు పోసి, పొలం తాకట్టు పెట్టి ఈ దేశం వచ్చి, ఇక్కడి ముసలివాళ్ల కోసం పెట్టిన డబ్బుకి చెయ్యి చాపడమా? ఊళ్లో తెలిస్తే ఇంకేమైనా ఉందా? మా రోజుల్లో ఒక రూములో ఆరుగురం పడుకున్నాం, అరువు తెచ్చుకున్నాం, తీర్చుకున్నాం. ఒకరి దగ్గర ఫారం నింపలేదు.

రమ్య_ఈస్ట్_మిడ్లాండ్స్

బాబాయ్ గారూ, అరువు ఇచ్చేవాళ్లు కూడా అదే పరిస్థితిలో ఉంటే ఏం చేయాలి?

నా సంగతి చెప్తాను. నేను హెల్త్ అండ్ కేర్ వీసా మీద వచ్చాను. మమ్మల్ని తెచ్చిన కంపెనీ పేరు చెప్పను. వారానికి 39 గంటలని కాగితం మీద రాశారు, ఇచ్చింది అందులో సగం లేదు. తర్వాత విదేశీయులను పనికి తెచ్చుకునేందుకు వాళ్లకున్న స్పాన్సర్ లైసెన్సే పోయింది. వీసాలు చూసే హోం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చాక కొత్త స్పాన్సర్ని వెతుక్కోవడానికి 60 రోజులు. మా బ్యాచ్‌లో అందరం ఒకేసారి రోడ్డున పడ్డాం. ఎవరు ఎవరికి అరువిస్తారు?

అప్పటికి మాకు పాప పుట్టి ఐదు నెలలు. ఇంటికొచ్చిన హెల్త్ విజిటర్ (పసిపిల్లలను ఇళ్లకొచ్చి చూసే నర్సు) పాప బరువు చూసి, నా మొహం చూసి, వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. ఏమీ అనలేదు. బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి, అక్కడే స్టవ్ పక్కన నిలబడి ఫారం నింపింది. నా చేత చెప్పించుకుంది రెండే: నెలకు ఎంత వస్తోంది, దేనికి ఎంత పోతోంది. మా ఊరి పేరు మీదే ఉన్న చిన్న చారిటీ అట అది. అక్కడే మూడేళ్లుగా ఉంటూ నేను దాని పేరు వినలేదు.

డబ్బు చేతికివ్వలేదు. సూపర్ మార్కెట్ వోచర్లు, గ్యాస్ మీటర్‌కి టాపప్, ఒక మంచం. మంచం షాపువాళ్లే తెచ్చి బిగించి పోయారు. నన్ను ఎవరూ పిలిచి కూర్చోబెట్టి ప్రశ్నలడగలేదు. ఇప్పుడు వేరే చోట ఉద్యోగం చేస్తున్నా. ఆ నెలన్నర అలా గడవబట్టే ఇంటర్వ్యూలకి తిరగగలిగాను.

కోనసీమ_కుర్రాడు

రమ్య అక్కా 🙏

బర్మింగ్‌హామ్_బాబాయ్

అమ్మా రమ్యా, పసిబిడ్డ ఉన్న ఇల్లు వేరు, నేను అన్నది ఆ ఉద్దేశంతో కాదు. కానీ ఒకరికి సాయం అందిందని తెలిస్తే పదిమంది అవసరం లేనివాళ్లు కూడా క్యూ కడతారు. మనవాళ్ల గురించి నాకు చెప్పకండి. ఆ తర్వాత ఇక్కడి వాళ్లు ఏమనుకుంటారు? 400 ఏళ్ల కింద వాళ్ల తాత వాళ్ల ఊరికి రాసిచ్చాడు, నిన్న దిగినవాళ్లు పట్టుకుపోతున్నారంటారు.

డాక్టరుగారు_1976

ఈ చర్చలోకి ఒక ముసలివాడిని రానివ్వండి. నేను గుంటూరు మెడికల్ కాలేజీ నుంచి 1976లో ఇక్కడికొచ్చాను. రిటైరయ్యాక ఇలాంటి చారిటీ ఒకదానిలో చాలాకాలం పనిచేశాను.

బాబాయ్ గారి ప్రశ్నకు చరిత్రలోనే జవాబుంది. ఇంగ్లండ్‌లో ఈ వ్యవహారానికి పునాది మొదటి ఎలిజబెత్ రాణి చివరి రోజుల్లో, 1601లో పడింది. ఆ ఏడాది పేదల చట్టం, చారిటీల చట్టం రెండూ వచ్చాయి. ప్రతి పారిష్ తన పేదలను తానే చూసుకోవాలి. ఊళ్లో కలిగినవాళ్లు వీలునామాల్లో కొంత పొలమో రొక్కమో పేదలకు రాసేవాళ్లు. ఒకాయన రొట్టెలకు రాస్తే ఇంకొకాయన బొగ్గుకు. పాత చర్చిల్లో గోడకు చెక్క అరలు ఇప్పటికీ కనిపిస్తాయి, ఆదివారం పేదల కోసం రొట్టెలు పెట్టే అరలవి. హాంప్‌షైర్‌లోని టిచ్‌బోర్న్‌లో 13వ శతాబ్దం నుంచీ వస్తున్న ఆచారం ప్రకారం ఇప్పటికీ మార్చి 25న పిండి కొలిచి పంచుతారు. పెద్దవాళ్లకు ఒక గ్యాలన్, పిల్లలకు అర గ్యాలన్.

ఇక బొగ్గు చారిటీల కథ తెలుసుకోదగ్గది. పూర్వం ఊరుమ్మడి బంజర్లలో పేదవాళ్లు కట్టెలు ఏరుకునేవాళ్లు, ఎండితే మండే నేల పెళ్లలు (పీట్) తవ్వుకుని పొయ్యిలో పెట్టుకునేవాళ్లు. 18, 19 శతాబ్దాల్లో ఆ బంజర్లకు కంచెలు వేసి భూస్వాములు పంచుకున్నారు. పోయిన హక్కుకు బదులుగా ఒక ముక్క పేదల ఇంధనం కోసమని కేటాయించారు. దాని మీద వచ్చే కౌలుతో బొగ్గు కొనిపెట్టేవాళ్లు. లండన్ పక్కన హాంప్టన్‌లో 1811లో అలా పుట్టిన చారిటీ 1980ల చివర్లో ఆ భూమిని ఒక సూపర్ మార్కెట్‌కు అమ్మింది. ఆ సొమ్ము పెట్టుబడి మీద ఈనాటికీ అక్కడి వాళ్లకు కరెంటు, గ్యాస్ బిల్లుల సాయం అందుతోంది. పక్కనే రిచ్‌మండ్ పారిష్ ల్యాండ్స్ చారిటీ 1786 నాటిది. కాబట్టి ఇందులో కొంత జాలితో ఇచ్చినది, కొంత లాక్కున్నదానికి పరిహారం. చేతులు నలుపుకుంటూ తీసుకోవాల్సిన డబ్బు కాదు.

హెన్రీ స్మిత్ అని ఒక వ్యాపారి 1628లో పోయాడు. సర్రేలోని పారిష్‌లకు రాశాడు, తన సొంత బంధువుల్లో పేదవాళ్లకు రాశాడు, టర్కీ సముద్రపు దొంగల చేతిలో చిక్కిన ఖైదీలను విడిపించడానికి కూడా రాశాడు. ఆ దొంగలు ఎప్పుడో పోయారు. డబ్బు మాత్రం లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో భూములై పెరిగింది. ఈరోజు దేశంలోని పెద్ద గ్రాంటు సంస్థల్లో అదొకటి. దాత రాసిన అవసరం తీరిపోతే కొత్త అవసరానికి మార్చుకోవడానికి చట్టం దారి చూపింది. అందుకే రొట్టె ఫ్రిజ్ అయింది, బొగ్గు మీటరు టాపప్ అయింది. పేదవాడు కూడా మారతాడు కదండీ. ఒకప్పుడు వ్యవసాయ కూలీ, ఇప్పుడు కేర్ హోములో రాత్రి డ్యూటీ చేసే అమ్మాయి.

పరువు సంగతి. 1697లో ఒక చట్టం తెచ్చారు. పారిష్ సాయం తీసుకునేవాడు కుడి భుజం మీద ఎర్రగుడ్డతోనో నీలిగుడ్డతోనో ‘పి’ అక్షరం కుట్టుకు తిరగాలి, దాంతోపాటు పారిష్ పేరు మొదటి అక్షరం. 1810లో దాన్ని ఎత్తేశారు. ఇక్కడి వాళ్లు ఎత్తేసిన ఆ గుడ్డముక్కను మనం తెచ్చి కుట్టుకోవడం దేనికి?

మూర్తి_సఫోక్

డాక్టరుగారూ, మా మీటింగులో ఒకసారి మీరొచ్చి మాట్లాడాలి.

బాబాయ్ గారూ, ‘ఇక్కడి వాళ్లు ఏమనుకుంటారు’ అన్నారు కాబట్టి చెప్తున్నా. మా ట్రస్టీల్లో 80 దాటిన ఆవిడ ఒకరున్నారు, పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. నన్ను తీసుకోమని పట్టుబట్టింది ఆవిడే. కేర్ హోములో తన అక్కను చూసుకుంటున్న అమ్మాయిలు ఎవరో, ఎక్కడ ఉంటారో, ఎందుకు అప్లై చేయరో కనుక్కోమని నన్ను వేధిస్తోంది. అవసరం లేనివాళ్లు క్యూ కట్టడం అంత తేలిక కాదు లెండి. క్లర్కు బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తుంది, మధ్యలో ఒక ప్రొఫెషనల్ సంతకం ఉండాలి, వస్తువైతే షాపుకే డబ్బు కడతాం.

లీడ్స్_విద్యార్థి

అన్నా, నేను ఎంఎస్సీ స్టూడెంట్. పార్ట్‌టైమ్ జాబ్ పోయింది, రెంటు రెండు నెలలు బాకీ. ఇంట్లో చెప్పలేను, నాన్న ఇప్పటికే లోన్ ఈఎంఐ కడుతున్నారు. మాలాంటి వాళ్లకు ఇస్తారా?

శైలజ_సలహాకేంద్రం

నిజం చెప్పాలంటే కష్టమే. చాలా ఊరి చారిటీలు ఫుల్‌టైమ్ విద్యార్థులను తీసుకోవు. కొన్ని అయితే ఆ ఊళ్లో ఇన్నేళ్లు ఉండాలని కూడా షరతు పెడతాయి. నువ్వు ముందు వెళ్లాల్సింది మీ యూనివర్సిటీ స్టూడెంట్ సపోర్ట్ దగ్గరికి. హార్డ్‌షిప్ ఫండ్ అని ఉంటుంది. ‘వీసాకి అప్లై చేసినప్పుడు డబ్బు చూపించావు కదా, ఏమైంది?’ అని తప్పకుండా అడుగుతారు. అనుకోకుండా ఏం జరిగిందో (జాబ్ పోవడం, ఇంట్లో జబ్బు) కాగితంతో చూపించగలిగితే కొంత ఆశ ఉంటుంది. కొన్ని చోట్ల అత్యవసర లోన్ ఇస్తారు, వడ్డీ ఉండదు. రెంటు సంగతి స్టూడెంట్ యూనియన్ అడ్వైస్ సెంటర్‌లో ఈరోజే చెప్పు. ఇంటి ఓనర్ నుంచి నోటీసు వచ్చాక వెళితే దారులు తగ్గిపోతాయి. గంటలు ఎక్కువ చేసి సంపాదిద్దామని మాత్రం అనుకోకు, టర్మ్ నడిచే రోజుల్లో వారానికి 20 దాటితే ఈసారి నిజంగానే వీసా మీదకు వస్తుంది.

ఇంకోమాట. నాన్నకు చెప్పు బాబూ. తర్వాత ఎవరో చెప్తే వినడం కంటే అది నయం.

స్వరాజ్యం_స్లౌ

ఇవన్నీ సరే. మన సంఘాలు ఏం చేస్తున్నాయో ఎవరూ అడగరేం? దసరాకీ ఉగాదికీ హాలు, సినిమా వాళ్లు, శాలువాలు, టికెట్లు. ఎవరైనా కుర్రాడు ఇక్కడ చనిపోతే అప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో చందాల పేజీ పెడతాం, రెండు రోజుల్లో కావాల్సినంత వస్తుంది. బతికున్నప్పుడు అదే కుర్రాడు రెంటుకి 300 అడిగితే పలికేవాళ్లుండరు. ప్రతి సంఘం టికెట్టు మీద ఒక పౌండు పక్కన పెడితే చాలు, మనకంటూ ఒక కష్టకాలపు నిధి ఉంటుంది.

కోనసీమ_కుర్రాడు

వంద లైకులు ఈ పోస్టుకి.

డాక్టరుగారు_1976

స్వరాజ్యం గారి కోపంలో న్యాయముంది. అయితే పార్థివదేహాన్ని పంపే ఖర్చు విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అని భారత ప్రభుత్వం 2009లో పెట్టిన నిధి ఉంది. విదేశాల్లో కష్టంలో పడిన భారత పౌరుల కోసం మన రాయబార కార్యాలయాల ద్వారా నడుస్తుంది. బాగా అవసరమున్న కుటుంబాలకు అర్హతను బట్టి దేహాన్ని పంపడానికి, చిక్కుకుపోయినవాళ్ల టికెట్టుకి ఇస్తారు. చందాల పేజీ తెరిచే ముందు లండన్ హైకమిషన్‌కో, బర్మింగ్‌హామ్, ఎడిన్‌బరో కాన్సులేట్‌కో ఒక ఫోన్ కొట్టండి.

వృత్తిని బట్టి కూడా పాత నిధులున్నాయి. డాక్టర్లకు రాయల్ మెడికల్ బెనెవలెంట్ ఫండ్ 1836 నుంచీ ఉంది. నర్సులకు, హెల్త్‌కేర్ అసిస్టెంట్లకు క్యావెల్ అనే చారిటీ ఉంది. కేర్ వర్కర్ల కోసం కేర్ వర్కర్స్ చారిటీ ఉంది. మా తరంలో ఒకరిద్దరు డాక్టర్లు జబ్బుపడి ఆ 1836 నాటి నిధితోనే గట్టెక్కారు. ఎవరన్నది వాళ్లకూ నాకూ తెలుసు, అంతే.

నెల్లూరు_టు_నార్విచ్

శైలజ గారూ, మా ఊళ్లో ఇలాంటిది ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఫారంలో ఏం రాయాలి? నా భార్యకు ఆపరేషన్ అయి పని మానేసింది, నా ఒక్క జీతం మీద నడుస్తోంది. వాషింగ్ మెషీన్ పోయి నెలైంది. బాత్‌టబ్‌లో తొక్కి ఉతుకుతున్నా.

శైలజ_సలహాకేంద్రం

నెల్లూరు అన్నయ్యా, మీకు తప్పకుండా అప్లై చేయాల్సిన కేసే ఇది.

వెతకడానికి మూడు దారులు. చారిటీలను పర్యవేక్షించే చారిటీ కమిషన్ వెబ్‌సైట్లో రిజిస్టర్ అందరికీ తెరిచే ఉంటుంది. మీ టౌన్ పేరు కొట్టి, దానితో పాటు రిలీఫ్ ఇన్ నీడ్, పూర్స్ ల్యాండ్, ఫ్యూయల్ అలాట్‌మెంట్, టౌన్ ల్యాండ్స్, యునైటెడ్ చారిటీస్ లాంటి మాటలు కలిపి చూడండి. పేర్లు పాతగా, విచిత్రంగా ఉంటాయి, దాత ఇంటిపేరు మాత్రమే ఉన్నవీ ఉంటాయి. రెండోది టర్న్‌టూఅస్ వాళ్ల వెబ్‌సైట్, అందులో పోస్ట్‌కోడ్, పని, జబ్బు చెప్తే సరిపోయే నిధులు చూపిస్తుంది. (ఆ సంస్థ 1897లో కలిగి చెడిన పెద్దింటి వాళ్ల కోసం మొదలైంది. అప్పట్లో వాళ్లకే మొహమాటం ఎక్కువట.) మూడోది పారిష్ కౌన్సిల్ (మన పంచాయతీ లాంటిది) క్లర్కు. ఏటా 5,000 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న చిన్న చారిటీలు మామూలుగా రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు, అవి ఏ వెబ్‌సైట్లోనూ దొరకవు. క్లర్కుకే తెలుస్తాయి.

సరిహద్దు దగ్గర చాలామంది తప్పిపోతారు. పాత పారిష్ హద్దు వేరు, మీ పోస్ట్‌కోడ్ వేరు. రోడ్డుకి ఇటు ఇల్లు ఉంటే వస్తుంది, అటు ఉంటే రాదు. మ్యాప్ చూపించమని అడగండి. మీది ఈ చారిటీ కిందకు రాకపోతే పక్క పారిష్‌లో ఇంకొకటి ఉండొచ్చు.

ఫారం గురించి. మనవాళ్లు రెండు రకాలుగా రాస్తారు. ఒకటి, కష్టాలన్నీ పుట్టినప్పటి నుంచీ ఏకరువు పెడతారు. లేకపోతే సిగ్గుపడి ‘కొంచెం ఇబ్బందిగా ఉంది, దయచేసి సహాయం చేయగలరు’ అని ఒక్క వాక్యంతో ముగిస్తారు. రెండూ పనికిరావు. మీరు ఇక్కడ రాసిందే బాగుంది: ఆపరేషన్ ఎప్పుడు అయింది, ఆదాయం ఎంత నుంచి ఎంతకు పడింది, మెషీన్ పోయి ఎన్నాళ్లు, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు. కావాల్సిన వస్తువు, షాపులో దాని ధర రాయండి. ‘ఎంతైనా సరే’ అని రాయకండి, ట్రస్టీలకు నిర్ణయించడం కష్టం. బాత్‌టబ్ సంగతి తప్పకుండా రాయండి.

పంపేవాళ్లు మరొకరు కావాలి. ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్, జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర మందులు కాకుండా ఇతర సాయాలకు దారి చూపే సోషల్ ప్రిస్క్రైబర్, హెల్త్ విజిటర్, స్కూల్లో ఫ్యామిలీ వర్కర్, హౌసింగ్ అసోసియేషన్ మనిషి, వీళ్లలో ఎవరైనా సరే. పాత అప్పులు, కొనేసిన వస్తువుల బిల్లులు సాధారణంగా ఇవ్వరు. కాబట్టి ముందు క్రెడిట్ కార్డు మీద కొనేసి తర్వాత అడగకండి.

మూర్తి_సఫోక్

శైలజ గారు చెప్పినదానికి లోపలి నుంచి ఒక మాట కలుపుతాను. మా నిబంధనల్లో పాతకాలం నుంచీ ఒక వాక్యం ఉంది. ప్రభుత్వం ఇవ్వాల్సిన దానికి బదులుగా మేం ఇవ్వకూడదు, దానికి పైన మాత్రమే ఇవ్వొచ్చు అని. అందుకే ‘బెనిఫిట్లకు అప్లై చేశారా?’ అని అడుగుతాం. వీసా షరతు వల్ల బెనిఫిట్లు రానివాళ్లు ఆ సంగతి ఫారంలో స్పష్టంగా రాయాలి. రాయకపోతే మా వాళ్లు పాపం ‘ముందు యూనివర్సల్ క్రెడిట్‌కి వెళ్లమనండి’ అని వెనక్కి పంపుతారు. తెలియక చేసే పని అది.

మీటింగుకి పది రోజుల ముందు కాగితం చేరితే మంచిది. అత్యవసరమైతే ఛైర్మన్ మధ్యలో ఇవ్వగలిగే చిన్న మొత్తం ఉంటుంది, ‘అర్జెంట్’ అని రాయండి.

గోదారిగట్టు (కాకినాడ)

నేను ఇండియా నుంచి చదువుతున్నాను. మీ ఇంగ్లండు సంగతులు వింటుంటే మన సత్రాలు గుర్తొస్తున్నాయి. మా కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ రంగూన్‌లో వ్యాపారం చేసి గడించిన ఆస్తిని ధర్మానికి రాసి పోయారు, ఎంఎస్ఎన్ చారిటీస్ పేరుతో ఈనాటికీ పిల్లలు చదువుకుంటున్నారు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు 1909లో పోయేదాకా వచ్చినవాడికి లేదనకుండా వండిపెట్టారు. మనకు అన్నదానానికి, చదువుకి, గుడికి రాసినవాళ్లు కోకొల్లలు. కానీ ఊళ్లో ఒకడి ఇంట్లో మోటారు కాలిపోయి, కూతురి ఫీజు కట్టలేక, ఒక్క పదివేలతో గట్టెక్కగలిగిన సందర్భంలో వెళ్లడానికి ఒక తలుపు ఉండదు. ఆసుపత్రి బిల్లయితే సీఎం రిలీఫ్ ఫండ్ ఉంది, ఎమ్మెల్యే లెటరు పట్టుకుని తిరగాలి. మిగతా కష్టాలకు వడ్డీ వ్యాపారే దిక్కు.

మా ఊరి వాళ్లు విదేశాల్లో చాలామంది ఉన్నారు. పది మంది కలిసి మూలధనం పెట్టి, వడ్డీ మాత్రమే ఊరికి ఖర్చయ్యేలా ఒక నిధి పెట్టొచ్చా?

ఆడిటర్_అన్న

పెట్టొచ్చు, కానీ డబ్బు ఎవరు పంపుతున్నారో చూసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్‌ఆర్‌ఐ తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో ఇస్తే అది విదేశీ విరాళం కిందకు రాదు. బ్రిటిష్, అమెరికన్ పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే అది ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కిందకు వస్తుంది. దానికి రిజిస్ట్రేషన్‌గానీ ముందస్తు అనుమతిగానీ కావాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. ఊరి స్థాయి సంఘానికి అది తలకు మించిన పని. కాబట్టి మొదట్లో భారత పౌరుల డబ్బుతోనే మొదలుపెట్టండి. ఆంధ్రాలో 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. కమిటీలో సర్పంచినీ మాజీ సర్పంచినీ ఇద్దర్నీ పెట్టకండి 😀

బర్మింగ్‌హామ్_బాబాయ్

ఇద్దర్నీ పెట్టకపోయినా గొడవే, పెట్టినా గొడవే. నేను చూశాను.

సరే, నా మాట. అడగడం నాకు ఇప్పటికీ నచ్చదు, అది నా తత్వం. కానీ రిటైరయ్యాను, ఖాళీగానే ఉన్నాను. ఇంగ్లీషు ఫారం నింపడానికి ఇబ్బంది పడేవాళ్లుంటే బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల అయితే పక్కన కూర్చుని నింపిపెడతాను. గుళ్లో శనివారం సాయంత్రం ఉంటాను.

రమ్య_ఈస్ట్_మిడ్లాండ్స్

బాబాయ్ గారూ, మీ దగ్గరికి వచ్చినవాళ్లను పరువు గురించి క్లాసు పీకకుండా ఉంటే చాలు 🙂

మూర్తి_సఫోక్

ఒక పేజీ కరపత్రం తెలుగులో, మలయాళంలో వేద్దామని మా ట్రస్టీలను అడిగాను. ఖర్చుకు ఒప్పుకున్నారు. కేర్ హోముల స్టాఫ్ రూముల్లో, జీపీ సర్జరీలో, ఇండియన్ కొట్టు కౌంటర్ దగ్గర పెడతాం. ‘మతంతో సంబంధం లేదు’, ‘ఇది పబ్లిక్ ఫండ్ కాదు’, ‘మీ పేరు ట్రస్టీలకు చెప్పరు’, ఈ మూడూ పైనే పెద్ద అక్షరాల్లో ఉండాలని నా ఆలోచన. మూడోదాని గురించి ఒక ఇబ్బంది ఉంది. ఊరు చిన్నది, ట్రస్టీల్లో నేనొక్కడినే తెలుగువాడిని. ‘ఇద్దరు పిల్లలు, కేర్ వర్కర్, ఇండియన్’ అని చదవగానే నాకు అర్థమైపోతుంది, వాళ్లకీ ఆ సంగతి తెలుసు. అలాంటి దరఖాస్తు వచ్చినప్పుడు నేను గదిలోంచి లేచి వెళ్లిపోతానని కరపత్రంలోనే రాస్తే ఎలా ఉంటుంది?

రమ్య_ఈస్ట్_మిడ్లాండ్స్

రాయండి. నేనైతే ఆ ఒక్క లైను చూశాకే ఫారం అడుగుతాను.

నెల్లూరు_టు_నార్విచ్

శైలజ గారూ, రిజిస్టర్‌లో వెతికాను. మా ఊరి పేరుతో మూడు వచ్చాయి. ఒకటి స్కూలు పిల్లల యూనిఫాం కోసం, ఒకటి వృద్ధుల ఇళ్లది, మూడోది ‘నీడ్, హార్డ్‌షిప్, డిస్ట్రెస్’ అని ఉంది. కానీ దాని పోయినేడాది ఖర్చు సున్నా చూపిస్తోంది. మూసేశారా?

శైలజ_సలహాకేంద్రం

రిజిస్టర్‌లో దాన్ని తీసేసినట్టు (‘రిమూవ్డ్’ అని) లేకపోతే మూసేసినట్టు కాదు. ఖర్చు సున్నా అంటే ఎవరూ అడగలేదేమో కూడా. అదే పేజీలో కాంటాక్ట్ దగ్గర మెయిల్ ఐడీ ఉంటుంది, ఈరోజే రెండు లైన్లు రాయండి: ఎక్కడ ఉంటున్నారు, ఏం కావాలి, తర్వాతి మీటింగు ఎప్పుడు. వారంలో జవాబు రాకపోతే పారిష్ క్లర్కుకి ఫోన్ చేయండి. ఈలోపు జీపీ రిసెప్షన్‌లో సోషల్ ప్రిస్క్రైబర్ అపాయింట్‌మెంట్ అడగండి, డిశ్చార్జి కాగితం పట్టుకెళ్లండి. పిల్లలు బడికి వెళ్తుంటే ఆ యూనిఫాం చారిటీకి కూడా వేయండి, రెండూ ఒకేసారి వేయకూడదని ఎక్కడా లేదు.